రెండో పాదం పని

పెదవేగి ఒకప్పటి వేంగి, తూర్పు చాళుక్యుల రాజధాని. ఆ వంశపు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు క్రీ.శ. 848 ప్రాంతంలో వేయించిన అద్దంకి శాసనంలో తరువోజ పద్యం ఉంది. యతి కుదిరిందా, ప్రాస పడిందా అని చూసే చెవి వేంగి రాజ్యానికి అంత పాతది. ఏలూరు నుంచి కొల్లేటి లంకల దాకా చర్చిల్లో చదివే దావీదు కీర్తనలను ఆ చెవితో వింటే మొదట నిరాశే. యతి లేదు, ప్రాస లేదు, పైగా చెప్పిందే మళ్లీ చెబుతున్నట్టుంటుంది. కానీ హెబ్రీ కవి జంట కలిపింది భావాలను. ఆ అల్లిక పట్టుకోకుండా చదివితే అందమే కాదు, అర్థం కూడా చేజారుతుంది.

ఈ పద్ధతికి సమాంతరత అని పేరు పెట్టి, 1753లో అచ్చయిన ఉపన్యాసాల్లో విడమరిచినవాడు ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు రాబర్ట్ లౌత్. ఒక పాదం ఒక మాట చెబితే రెండోది దాన్ని బలపరుస్తుంది, లేదా ఎదురు నిలుస్తుంది, లేదా ముందుకు సాగదీస్తుంది. మరి ఇది పునరుక్తి దోషం కాదా అని మన అలంకారికుడు అడగవచ్చు. జేమ్స్ కూగెల్ 1981లో దీనికి గట్టి జవాబే ఇచ్చాడు: రెండో పాదం మొదటిదాని నకలు కాదు, దానిమీద మరో మెట్టు. ఉదాహరణకు, న్యాయాధిపతుల గ్రంథంలో 4వ అధ్యాయం వచనం, 5వది దెబోరా పాట; కథ ఒకటే. పాటలో, ఓడి పారిపోయి వచ్చిన శత్రు సేనాని సీసెరా నీళ్లడిగితే, డేరాలోని యాయేలు అనే స్త్రీ పాలు పోస్తుంది. తర్వాతి పాదానికి అవి దొరల పాత్రలో మీగడవుతాయి. మర్యాద అలా పెరుగుతూ పోయాక, ఒక చేయి డేరా మేకు మీదికి, కుడిచేయి సుత్తి మీదికి వెళ్తాయి. ఆతిథ్యాన్ని పెంచిన జంట పాదాలే హత్యనూ నడిపిస్తాయి. వచనంలో ఉన్నది వార్త. పాటలో ఉన్నది ఉచ్చు.

దైవవాక్యానికి ఛందస్సు లెక్కలెందుకు, భక్తి చాలదా అన్నది మరో అభ్యంతరం. దానికి జవాబు ఒక ఉదాహరణలో ఉంది. జెకర్యా 9వ అధ్యాయంలో రాజు గాడిద నెక్కి వస్తాడు. జంట పాదం దాన్నే గాడిదపిల్ల అంటుంది. జంతువు ఒక్కటే. యేసు యెరూషలేము ప్రవేశానికి ఆ మాటను అన్వయించే మత్తయి సువార్త 21వ అధ్యాయంలో మాత్రం రెండు జంతువులు కనిపిస్తాయి. మార్కు, లూకా, యోహానుల్లో ఒక్కటే. మత్తయి జంట పాదాలను విడివిడిగా తీసుకోవడమే ఇందుకు కారణమని చాలామంది పండితుల అభిప్రాయం, ఒప్పుకోనివారూ ఉన్నారు. ఆ తగవును తూచాలన్నా ముందు పాదాల కట్టు తెలియాలి. భక్తి ఒక్కటే ఆ పని చేయలేదు.

తెలుగులో చదివేవారికి ఇదంతా అందుతుందా? చాలావరకు అందుతుంది. యతిప్రాసలు భాష మారితే నిలవవు, భావాల జంట నిలుస్తుంది. పోయేవీ ఉన్నాయి. 119వ కీర్తనలో 22 హెబ్రీ అక్షరాలకు ఎనిమిదేసి వచనాలు, మొత్తం 176. ప్రతి ఎనిమిదీ ఒకే అక్షరంతో మొదలవుతాయి. తెలుగు బైబిల్లో ఆలెఫ్, బేత్ అన్న శీర్షికలు మిగిలాయి గానీ వాటి కింద వచనాలు ఏ అక్షరంతోనైనా మొదలవుతాయి. శతకాలూ అక్షరమాలలూ ఎరిగిన పాఠకుడికి ఆ శీర్షికల గుట్టు ఒక్కసారి చెబితే చాలు. విలాపవాక్యములకూ ఇది పనికొస్తుంది. మొదటి నాలుగు విలాపాలు అక్షరక్రమంలో నడుస్తాయి, మూడోదైతే అక్షరానికి మూడేసి చొప్పున 66 వచనాలు. అయిదోదానికీ 22 వచనాలే, అక్షరక్రమం మాత్రం లేదు. అది శోకం అదుపు తప్పడమా, కవి వేరే రచనను చేర్చడమా అన్నది తేలలేదు. నాకు మొదటిదే నమ్మబుద్ధవుతుంది, ఎందుకంటే లెక్క తప్పనివాడు వరుస ఊరికే వదలడు.