అమ్మమ్మకి డచ్చి పాఠం

వికారాబాదు నుంచి తాండూరుకి పాసింజరు బండిలో వెళుతూ నేను డచ్చి పాఠం వల్లె వేస్తుంటే, ఎదురు సీటావిడ నాకేదో గొంతు జబ్బనుకుని మంచినీళ్ల సీసా అందించింది. తప్పు ఆవిడది కాదు. ఆ భాషలో 'జి' అక్షరం గొంతు గీరుకుంటూ రావాలి మరి!

నవలలు రాసుకునే దానికి ఇదేం సరదా అంటారా? సరదా కాదండీ, అవసరం. తాండూరులో ఉండే మా అక్కకి ఐదేళ్ల మనవరాలుంది. హాలెండులో బడికి పోతోంది. ఈ మధ్య ఫోనులో దాని నోట డచ్చి తప్ప రావడం లేదు. "నా మనవరాలితోని మాట్లాడనీకి నాకు దుబాసి కావాల్నానే?" అని అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నంలో వ్యాపారం మొదలెట్టిన డచ్చివాళ్లు మన దుబాసీల మీద ఆధారపడ్డారు. ఇప్పుడు వంతు మనదన్నమాట!

అందుకే బ్రూస్ డొనాల్డ్‌సన్ రాసిన 'కలోక్వియల్ డచ్' కొన్నాను. 1996లో వచ్చిన పుస్తకం. సంభాషణ, వ్యాకరణం, అభ్యాసాలు, చివర జవాబులు, అంతా పద్ధతిగా ఉంది. కానీ అది ఇంగ్లీషు నోటి కోసం రాసింది. 'అలసిపోయాను గనక' అనాలంటే డచ్చిలో క్రియ చివరికి పోతుంది. ఇంగ్లీషువాళ్లకది వింత, మనకి పుట్టుకతో వచ్చిన విద్య. నువ్వు, మీరు అనే తేడా కూడా ఉంది. అదీ మనకి కొత్త కాదు.

మన చిక్కు చుట్టరికాల దగ్గర. అమ్మమ్మా, నానమ్మా ఇద్దరూ 'ఓమా'యే. పిన్ని, పెద్దమ్మ, అత్త అందరూ 'తాంతె'యే.

"గట్లయితే నేనెవరో పిల్లకెట్ల తెలుస్తదే?" అంది అక్క. దీనికి ఏ పుస్తకం చివరా జవాబుండదు.

ఆఖరికి ఒక్క వాక్యం నేర్పాను: "హెబ్ యె ఖెఖేటెన్?" అంటే, తిన్నావా? నెల్లాళ్లు నన్ను ఏడిపించిన ఆ శబ్దం అక్కకి మొదటిసారే పలికింది. చిన్నప్పటి నుంచీ ఇరుగుపొరుగు ఉర్దూలో 'ఖబర్' వింటున్న తాండూరు గొంతు కదా!

ఫోనులో పిల్ల ఒక్క క్షణం ఆగి, కిలకిలా నవ్వి, గుక్క తిప్పుకోకుండా డచ్చిలో ఏదేదో చెప్పుకుపోయింది. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ప్రశ్న నేర్పిన పుస్తకం జవాబు వినే చెవినివ్వలేదు. ఐదేళ్ల పిల్ల పరుగుమాట ఏ పాఠంలో దొరుకుతుంది?

అక్క మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "తిన్నదటనే!" అంది.