మందును బట్టి గాడి

మన పోలీసు ఠాణాల్లో దశాబ్దాల పాటు కానిస్టేబుళ్ల భుజాన వేలాడిన త్రీ నాట్ త్రీ తుపాకిని చూడనివారు తక్కువ. పేరులో ఉన్న అంకె దాని గొట్టం లోపలి వ్యాసం: 0.303 అంగుళం, అంటే 7.7 మిల్లీమీటర్లు. ఖాళీ గొట్టాన్ని వెలుతురు వైపు తిప్పి లోపలికి చూస్తే ఐదు గాడులు ఎడమకు మెలి తిరుగుతూ మూతిదాకా సాగుతాయి. గాడికీ గాడికీ మధ్య దాదాపు అంతే వెడల్పున గట్టు. ప్రతి గట్టు అంచూ చెక్కినట్టు పలకగా ఉంటుంది. ఐదే గాడులు ఎందుకు, అంచులు పలకగానే ఎందుకు అని అడిగితే జవాబు తూటాలోని మందు దగ్గర దొరుకుతుంది. ఆ మందు మారినప్పుడే ఈ గాడి పుట్టింది.

ముందు గాడి చేసే పని చూద్దాం. గుండు గొట్టం వ్యాసం కంటే కాస్త లావుగా ఉంటుంది. వెనక నుంచి వాయువు తోసినప్పుడు అది గట్ల మధ్య ఇరుక్కుని, వాటి మెలికను అనుసరించి తిరుగుతూ ముందుకు పోతుంది. ఈ గొట్టంలో ప్రతి పది అంగుళాలకూ ఒక చుట్టు. సెకనుకు 600 మీటర్ల వేగంతో బయటపడే గుండు ఆ లెక్కన సెకనుకు 2,300 చుట్లకు పైగా తిరుగుతుంది. ఆ తిరుగుడు వల్లనే అది గాలిలో పల్టీ కొట్టకుండా మొన ముందుకే పెట్టుకుని సాగుతుంది. గట్టు అరిగితే పట్టు పోతుంది. పట్టు పోతే గురి పోతుంది.

1888లో బ్రిటిష్ సైన్యం ఈ కొలతతో తీసుకున్న మొదటి రైఫిల్ లీ-మెట్‌ఫర్డ్. తూటాలను ఒకదాని వెంట ఒకటి అందించే యంత్రాంగం జేమ్స్ పారిస్ లీ రూపకల్పన. గొట్టం లోపలి గాడి విలియం ఎల్లిస్ మెట్‌ఫర్డ్ అనే ఇంజనీరుది. అప్పటికి తూటాలో ఉన్నది పాత తుపాకి మందే: పెట్లుప్పు, బొగ్గు, గంధకం. నాలుగున్నర గ్రాముల మందును గట్టిగా అదిమి బిళ్లగా చేసి తూటాలో పెట్టేవారు. ఈ మందుకు ఒక పెద్ద లోపం ఉంది. అది కాలితే సగానికి పైగా బరువు వాయువుగా మారదు, ఘనపదార్థంగానే మిగులుతుంది. కొంత పొగగా పోతుంది, మిగతాది మసిగా గొట్టానికి అంటుకుంటుంది. వరసగా కాలుస్తుంటే ఆ మసి గాడుల మూలల్లో పేరుకుని గట్టిపడి, వెనక వచ్చే గుండును అడ్డుకుంటుంది.

మెట్‌ఫర్డ్ ఆ మూలలనే తీసేశాడు. ఆయన గాడులు ఏడు. ఒక్కోటి 0.1 మిల్లీమీటరు లోతు. అడుగు చదునుగా కాక వంపుగా ఉంటుంది. మధ్యలో గట్లు సన్నగా, అంచులు గుండ్రంగా ఉంటాయి. మసి చేరి కూర్చోవడానికి ఎక్కడా కోణం లేదు. ప్రతి గుండూ ముందటి గుండు వదిలిన మసిని తుడుచుకుంటూ పోతుంది. ఒక పదార్థం స్వభావాన్ని అంత నిశితంగా గమనించి, దానికి తగ్గట్టు ఉక్కును మలిచిన పనితనం అది.

మూడేళ్లు తిరగకుండానే మందు మారిపోయింది. ఫ్రాన్సులో పాల్ వియే 1884లో పొగలేని మందు తయారుచేశాడు. 1889లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ ఏబెల్, జేమ్స్ డ్యూవర్ తమ మిశ్రమానికి పేటెంటు తీసుకున్నారు. గన్‌కాటన్‌నీ నైట్రోగ్లిసరిన్‌నూ కలిపి ముద్ద చేసి, సన్నని రంధ్రాల గుండా తీగలుగా సాగదీసిన మందు ఇది. తీగ రూపాన్ని బట్టే కార్డైట్ అన్నారు. 1891 నుంచి తూటాలో నాలుగున్నర గ్రాముల బిళ్ల స్థానంలో రెండు గ్రాముల కార్డైట్ తీగలు వచ్చాయి. సగం కంటే తక్కువ బరువుతోనే గుండు వేగం ఇంకా పెరిగింది. పొగ దాదాపు పోయింది, మసి పోయింది. దాంతోపాటు మెట్‌ఫర్డ్ గాడి అరగడం మొదలైంది.

ఈ అరుగుదలలో రాపిడి పాలు తక్కువ, వేడి పాలు ఎక్కువ. ఉక్కు 1,500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. మొదటి రకం కార్డైట్ మంట దానికి రెట్టింపు దరిదాపుల్లో ఉంటుంది. గుండు గొట్టంలో ఉండేది సెకనులో ఒకటి రెండు వేల వంతులే కాబట్టి గొట్టం మొత్తం కరిగిపోదు. కానీ లోపలి ఉపరితలం మీది పలచని పొర మాత్రం ఆ క్షణంలో ఎర్రగా కాగి, వెనకనున్న చల్లని ఉక్కులోకి వేడిని వదిలి, మళ్లీ అంతే వేగంగా చల్లబడుతుంది. కాగినప్పుడు వ్యాకోచించి, చల్లారినప్పుడు ముడుచుకుని, వాయువులోని కార్బన్‌నూ నైట్రోజన్‌నూ పీల్చుకుని ఆ పొర పెళుసుగా మారుతుంది. పెళుసుబారిన పొర పగులుతుంది. వాడి అరిగిన గొట్టాన్ని నిలువునా కోసి చూస్తే, తూటా కూర్చునే గదికి ఎదురుగా, గాడులు మొదలయ్యే చోట ఉక్కు బూడిదరంగులో వేసవి చెరువు అడుగులా నెర్రెలు విచ్చి కనిపిస్తుంది. తరవాతి తూటా వాయువు ఆ నెర్రెల్లో దూరి వాటి అంచులను కడిగేస్తుంది. ఆ చోటును తుపాకి గొంతు అంటారు. మంట అత్యంత వేడిగా, ఒత్తిడి అత్యంత ఎక్కువగా ఉండేది అక్కడే. అందుకే మూతి దగ్గర గాడులు కొత్తవాటిలా ఉన్న గొట్టానికి కూడా గొంతు పోయి ఉండవచ్చు.

ఇప్పుడు మెట్‌ఫర్డ్ గాడిని ఈ మంట ముందు పెట్టి చూడండి. మొత్తం లోతే 0.1 మిల్లీమీటరు. గట్లు సన్నవి, అంచులు అప్పటికే గుండ్రం. కొద్దిగా కోసుకుపోతే చాలు, గుండును పట్టుకోవడానికి ఏమీ మిగలదు. మసికి చోటివ్వని గుణమే మంటకు లొంగిపోయే గుణమైంది. ఎన్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారం వారు గాడులను ఏడు నుంచి ఐదుకు తగ్గించి, లోతు పెంచి, గట్లను వెడల్పు చేసి, అంచులను పలకగా తీర్చారు. అరుగుదల ఆగలేదు, కానీ అరగడానికి తగినంత ఉక్కు నిలిచింది. మసి లేదు కాబట్టి మూలలు ఉన్నా ఇబ్బంది లేదు. 1895లో ఈ గొట్టంతో వచ్చిన రైఫిలే లీ-ఎన్‌ఫీల్డ్. లీ యంత్రాంగం అలాగే ఉంది. పేరులో మారింది గాడి ఊరే.

ఉక్కు వైపు నుంచి చేయగలిగింది అది. మందు వైపు నుంచి చేసింది ఇంకా సూక్ష్మమైన పని. మొదటి కార్డైట్‌లో నైట్రోగ్లిసరిన్ 58 శాతం, గన్‌కాటన్ 37 శాతం, వాజలైన్ 5 శాతం. నైట్రోగ్లిసరిన్ అణువులో తన కార్బన్‌నూ హైడ్రోజన్‌నూ పూర్తిగా కాల్చడానికి సరిపోయి ఇంకా కాస్త మిగిలేంత ఆక్సిజన్ ఉంటుంది. అందుకే దాని మంట అంత వేడి. గన్‌కాటన్‌లో ఆక్సిజన్ చాలదు. కార్బన్‌లో ఎక్కువ భాగం సగం కాలి కార్బన్ మోనాక్సైడ్‌గా ఆగిపోతుంది. వేడి తగ్గుతుంది, అయితే గ్రాముకు పుట్టే వాయువు పరిమాణం పెరుగుతుంది. గుండును తోసేది వాయువు ఒత్తిడి. ఆ ఒత్తిడి వేడి మీద ఎంత ఆధారపడుతుందో వాయువు పరిమాణం మీదా అంతే ఆధారపడుతుంది. ఒకటి తగ్గించి రెండోది పెంచితే తోపు పెద్దగా తగ్గకుండానే ఉక్కుకు ఊపిరి తిరుగుతుంది. 1901లో వచ్చిన ఎం.డి. కార్డైట్ చేసింది ఇదే: నైట్రోగ్లిసరిన్ 30 శాతానికి దిగింది, గన్‌కాటన్ 65 శాతానికి పెరిగింది. అదే వేగానికి మందు కాస్త ఎక్కువ పట్టింది, గొట్టం మాత్రం ఎక్కువ కాలం నిలిచింది.

తరవాత తీగ ఆకారం మీద దృష్టి పడింది. మందు పైపొర నుంచి లోపలికి కాలుతుంది. నిండు తీగ కాలేకొద్దీ సన్నబడుతుంది, కాలే ఉపరితలం తగ్గుతూ పోతుంది. అంటే గుండు ఇంకా గొంతు దాటకముందే ఎక్కువ వాయువు పుట్టి, గొట్టంలో సాగుతున్నప్పుడు తక్కువ పుడుతుంది. మధ్యలో బోలు ఉన్న గొట్టంలా తీగను సాగదీస్తే, బయటి ఉపరితలం తగ్గిన మేరకు లోపలి బోలు పెరుగుతుంది. మొత్తం దాదాపు సమంగా ఉండి, ఒత్తిడి మొదట్లోనే ఎగిసిపడకుండా దారి పొడుగునా పరుచుకుంటుంది. నైట్రోగ్లిసరిన్ లేకుండా నైట్రోసెల్యులోజ్‌తోనే (గన్‌కాటన్ ఈ కోవదే) చేసిన గింజల మందు ఇంకో అడుగు ముందుకేసింది. గింజ పైపొరలోకి నెమ్మదిగా కాలే రసాయనాన్ని ఇంకిస్తారు. మొదట నిదానంగా, పొర దాటాక జోరుగా కాలుతుంది. బ్రిటిష్ తూటాల మీద ఈ రకానికి గుర్తు జెడ్ అక్షరం.

తూటా కూర్పులోనూ ఇదే శ్రద్ధ కనిపిస్తుంది. పొడుగాటి కార్డైట్ తీగల కట్టను సన్నని మెడలోంచి లోపలికి దూర్చడం కుదరదు. అందుకని ఇత్తడి గొట్టం ఇంకా నిటారుగా ఉండగానే కట్టను దింపి, పైన గట్టి అట్టబిళ్ల ఒకటి పెట్టి, ఆ తరవాతే మెడ నొక్కేవారు. ఆ బిళ్ల మందుకూ గుండుకూ మధ్య నిలిచి గుండు అడుగును మంట నుంచి కాపాడుతుంది.

అరుగుదల అనిపించేదంతా మంట పని కాదు. ఆనాటి తూటా అడుగున నిప్పు పుట్టించే టోపీలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలాక మిగిలే పొటాషియం క్లోరైడ్ ఒక ఉప్పు. గాలిలో తేమను లాగి ఉక్కును తుప్పు పట్టిస్తుంది. పాత మందు మసిలో ఈ ఉప్పు కలిసి పలచబడేది, నీళ్లతో కడిగినప్పుడు మసితో పాటే పోయేది. పొగలేని మందుతో అది నేరుగా నగ్నమైన ఉక్కు మీద నిలిచింది. నూనెలో ఉప్పు కరగదు. సిపాయిలు గొట్టంలో మరిగే నీళ్లు పోసి, తుడిచి, ఆ తరవాతే నూనె రాయడం వెనక కారణం ఇదే.

మన దేశంలో ఈ రైఫిళ్లు బెంగాల్‌లోని ఇషాపూర్‌లో తయారయ్యాయి. కార్డైట్ నీలగిరుల్లోని అరువంకాడులో తయారైంది. రెండు ఊళ్ల మధ్య దూరం ఎంతున్నా, ఆ రెండు పనులూ ఒకే యంత్రానికి చెందినవి. మెట్‌ఫర్డ్ గాడి చెడ్డది కాదు. అది ఏ మందు కోసం చెక్కారో ఆ మందుతో నిండుగా పనిచేసింది. గొట్టం ఎన్నాళ్లు నిలుస్తుందని అడిగేవారు ఉక్కు ఏదని అడిగే ముందు ఏ మందు కాలుస్తారని అడగాలి. ఎంత వేడిగా, ఎంత వేగంగా, ఏ ఆకారంలో కాలుతుందో తెలిస్తే గాడి లోతు, గట్టు వెడల్పు, అంచు తీరు వాటికవే తేలుతాయి.