రహస్యం తెలిసిన తరువాత: ఉత్కంఠ నవలల పునఃపఠనం – ఒక పరిశీలన

ఉత్కంఠ నవలను గురించి మన విమర్శలో స్థిరపడిపోయిన అభిప్రాయం ఒకటి ఉంది. హంతకుడెవరో తెలిసేవరకు చదివించి, తెలిసిన మరుక్షణం తన పని ముగించుకొనే రచన అది అని. తెలుగు నవలా వికాసాన్ని వివరించే గ్రంథాల్లో అపరాధ పరిశోధక నవలకు దక్కుతున్న చోటు స్వల్పం కావడానికి ఈ అభిప్రాయమే ప్రధాన కారణం. కొన్నేళ్ళ క్రితం ఒక పరిశోధక విద్యార్థి ఈ ప్రక్రియపై పని చేస్తానని వచ్చినప్పుడు ఈ వ్యాసకర్త కూడా ఇదే మాట చెప్పి అంశం మార్పించాడు. ఇటీవల మూడు నవలలను రెండేసి సార్లు చదివిన తరువాత ఆ సలహాను పునఃపరిశీలించుకోవలసి వచ్చింది. వాటిలో రెండు నేర కథలు, ఒకటి మన సాహిత్య నవల. రహస్యం తెలిసిన తరువాత నవలలో ఏమి మిగులుతుంది అన్న ప్రశ్నతో వీటిని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఈ పరిశీలనకు కావలసిన పరిభాష మనకు కొత్త కాదు. భరతుడు చెప్పిన ముప్ఫై మూడు వ్యభిచారి భావాల్లో శంక, త్రాసం, వితర్కం, ఔత్సుక్యం ఉన్నాయి. ఉత్కంఠ నవల పాఠకుడిలో కలిగించే అనుభవాలకు ఈ నాలుగు పేర్లూ చక్కగా సరిపోతాయి. ఎవరిని నమ్మాలో తెలియకపోవడం శంక. ఆకస్మిక ఘటనకు ఉలిక్కిపడడం త్రాసం. ఆధారాలను బేరీజు వేసుకోవడం వితర్కం. తరువాతి పుట కోసం తొందరపడడం ఔత్సుక్యం. అయితే ఇవన్నీ వచ్చి పోయేవి. ఏదైనా స్థాయీభావాన్ని పోషించినప్పుడే వీటికి సార్థకత. కాబట్టి నేర కథలో ఉత్కంఠ ఉండడాన్ని లోపంగా పరిగణించనవసరం లేదు. ఆ ఉత్కంఠ ఏ స్థాయిని పోషిస్తున్నదో చూడాలి. ఏ స్థాయినీ పోషించని నవల మొదటి పఠనంతోనే ముగిసిపోతుంది.

రహస్యం ముందే తెలిసి ఉండడం రసానుభవానికి అడ్డంకి కాదని చెప్పడానికి విరాటపర్వం చాలు. వానల కోసం ఊళ్ళలో విరాటపర్వం చదివించే ఆచారం ఉంది. వినేవారిలో బృహన్నల ఎవరో తెలియనివారు ఉండరు. కీచకుడికి నర్తనశాలలో ఏమి జరగనున్నదో కూడా తెలుసు. అయినా తిక్కన ఆ చీకటి ఘట్టాన్ని నడిపే తీరుకు శ్రోత ఊపిరి బిగబట్టే వింటాడు. కీచకుడి మరణవార్త నుంచి పాండవుల ఉనికిని కౌరవులు ఊహించడంలో నేటి అపరాధ పరిశోధకుడి తర్కమే ఉంది. అజ్ఞాతవాసం బయటపడితే మళ్ళీ పన్నెండేళ్ళు అడవి అన్న నియమం కథ మీద నిరంతరం వేలాడుతూ ఉంటుంది. ఇన్ని ఉత్కంఠలు ఉన్నప్పటికీ చివరకు మనసులో నిలిచేవి సైరంధ్రి అవమానం, దానిని చూస్తూ ఊరకుండవలసి వచ్చిన భర్తల వేదన.

ఈ కొలతతో మొదట అగాథా క్రిస్టీ 1926లో ప్రచురించిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ నవలను చూద్దాం. కథ చెబుతున్న డాక్టర్ షెపర్డే హంతకుడు కావడం ఇందులోని రహస్యం. పాఠకుడిని మోసగించిందని ఈ నవలపై ఆనాటి నుంచీ ఆక్షేపణ ఉంది. రెండోసారి చదివితే ఆ ఆక్షేపణ నిలవదు. హత్య జరిగిన రాత్రి తొమ్మిదికి ఇరవై నిమిషాలు ఉండగా ఉత్తరం లోపలికి వచ్చిందని, తొమ్మిదికి పది నిమిషాలు ఉండగా తాను గది విడిచానని డాక్టరు చెబుతాడు. నడుమ పది నిమిషాలు. వాటిలో ఏమి జరిగిందో చెప్పడు, అబద్ధమూ ఆడడు. గుమ్మం దగ్గర ఆగి, చేయవలసింది ఇంకేమైనా మిగిలిందా అని వెనుదిరిగి చూసుకుంటాడు. మొదటి పఠనంలో ఇది మిత్రుడి విషయంలో వైద్యుడు చూపిన శ్రద్ధ. రెండో పఠనంలో హంతకుడు తీసుకున్న జాగ్రత్త. వాక్యంలో ఒక్క అక్షరమూ మారలేదు.

ఈ చాతుర్యం వితర్కానికి సంబంధించినది. దీనికి అడుగున డాక్టరు సోదరి కారొలిన్ పాత్ర ఉంది. ఊరిలో ఎవరింట్లో ఏమి జరిగినా గుమ్మం దాటకుండానే కనిపెట్టగల మనిషి ఆమె. మొదటిసారి ఆమె సంభాషణ హాస్యం కోసం పెట్టినట్టు తోస్తుంది. రెండోసారి చదువుతున్నప్పుడు, ఊరందరి గుట్టు తెలిసిన ఆమెకు తనతో ఒకే కప్పు కింద ఉంటున్న సోదరుడి గుట్టు తెలియదన్న స్పృహ ప్రతి నవ్వులోనూ వెంటాడుతుంది. చివరి పుటల్లో డాక్టరు చింత కూడా ఆమెకు నిజం తెలియకూడదన్నదే. హాస్యంగా మొదలైన పాత్ర పునఃపఠనంలో శోకానికి ఆలంబనమవుతుంది. మిగిలిన పాత్రల విషయంలో ఇంత లోతు లేదన్నది ఒప్పుకోవాలి. గృహ నిర్వాహకురాలు, కార్యదర్శి వంటి పాత్రలు అనుమానాన్ని పంచుకోవడానికే వచ్చి తమ వంతు ముగియగానే వాడిపోతాయి.

రెండో నవల కైగో హిగషినో జపనీస్‌లో 2005లో వెలువరించిన ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’. దీనికి జపాన్‌లో ప్రతిష్ఠాత్మకమైన నావొకి పురస్కారం లభించింది. ఇందులో హత్య తొలి భాగంలోనే మన కళ్ళెదుట జరుగుతుంది. డబ్బు కోసం వేధించే మాజీ భర్తను యాసుకో, ఆమె కుమార్తె మిసాతో చంపుతారు. పక్క వాటాలో ఉండే గణిత ఉపాధ్యాయుడు ఇషిగామి వారిని కాపాడే బాధ్యత తీసుకుంటాడు. హంతకుడెవరన్న ప్రశ్న లేకుండానే మూడు వందల పుటలు చదివించగలగడం రచయిత శిల్పానికి నిదర్శనం. ఇషిగామి చేసినదేమిటో చివర్లో తెలుస్తుంది. మరునాడు అతడు నది ఒడ్డున బతికే ఒక నిరాశ్రయుడిని చంపి, ఆ శవాన్ని మాజీ భర్త శవంగా పోలీసులకు దొరకనిచ్చాడు. అందుకే తల్లీకూతుళ్ళు ఆ రోజు గురించి అబద్ధమాడవలసిన అవసరం లేకపోయింది.

ఈ నవలను ప్రేమకథగా, త్యాగకథగా మెచ్చుకోవడం పరిపాటి. ఆత్మహత్యకు సిద్ధమైన ఇషిగామిని, కొత్తగా పక్కింట్లో దిగి పలకరించడానికి వచ్చిన ఆ తల్లీకూతుళ్ళు తెలియకుండానే బతికించారు. ఆ రుణమే అతడి ఆరాధనకు మూలం. మొదటి పఠనం ఈ భావంతోనే ముగుస్తుంది. రెండోసారి పుస్తకం తెరిచినప్పుడు మొదటి పుటలే ఇబ్బంది పెడతాయి. ఇషిగామి రోజూ పనికి వెళ్ళే దారిలో నది ఒడ్డున నిరాశ్రయులు కనిపిస్తారు. మొదటిసారి వారిని వాతావరణ వర్ణనగా భావించి దాటిపోయాం. వారిలో ఒకడు తరువాత కనిపించడు. అతడు లేకపోవడాన్ని మనమూ గమనించలేదు. ఆ మనిషికి నవలలో సొంత పేరు కూడా లేదు. ఇషిగామి పథకం ఫలించడానికి ఆధారం అటువంటివాడిని ఎవరూ లెక్కచేయకపోవడమే. ఆ లెక్కచేయని లోకంలో పాఠకుడూ భాగమే.

ఇక్కడ నవలపై ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. ముగింపులో కన్నీళ్ళన్నీ ఇషిగామి కోసం కేటాయించబడ్డాయి. పేరులేని మృతుడి ప్రస్తావన ఉంది గాని, అతడి కోసం కథనం ఆగదు. రచన మనల్ని నేరంలో భాగస్వాములను చేసిందా, లేక రచనే ఆ ఉపేక్షకు లోనయిందా అన్నది తేలదు. నా దృష్టిలో రెండోదే ఎక్కువ. అయినా ఇంతటి నైతిక ప్రశ్నకు తావిచ్చిన నవలను కాలక్షేప సాహిత్యంగా తోసిపుచ్చడం న్యాయం కాదు.

మూడోది రాచకొండ విశ్వనాథశాస్త్రి 1950ల నాటి ‘అల్పజీవి’. దీనిని మనం చైతన్య స్రవంతి శిల్పానికి ఉదాహరణగా బోధిస్తాం. పై రెండింటి వెంట చదివినప్పుడు ఇందులోని మరో పార్శ్వం స్పష్టపడింది. కాంట్రాక్టరు గవరయ్య దగ్గర చేసిన అప్పు సుబ్బయ్యను వెంటాడే తీరు ఉత్కంఠ నవల నడకకు చాలా దగ్గరిది. ఎదురుపడతాడేమో, ఇంటికి వస్తాడేమో, ఏమంటాడో అన్న శంకా త్రాసాలే కథను నడుపుతాయి. తేడా ఒక్కటే. నేర కథలో భయానికి బయట కారణం ఉండి, అది తొలగగానే భయమూ తొలగుతుంది. సుబ్బయ్య భయానికి గవరయ్య నిమిత్తమాత్రుడు. అతడు కాకపోతే ఇంట్లోనో ఆఫీసులోనో మరొకరు ఆ స్థానంలో ఉండేవారు. అందుచేత ఇందులో భయం సంచారిగా వచ్చిపోక స్థాయిగా నిలిచింది. ఉత్కంఠను పోషించే సాధనాలు సాహిత్య నవలకు పరాయివి కావని దీనివల్ల రుజువవుతున్నది.

ఈ ఫలితాలను తెలుగు నేర కథకు అన్వయించవలసిన పని మిగిలి ఉంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో పాంచ్‌కడీ దే వంగ నవలల అనువాదాలతో పాఠకులకు పరిచయమైన ఈ ప్రక్రియ, కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు షాడోల వరకు విస్తరించింది. అద్దె పుస్తకాల దుకాణాల ద్వారా ఇంటింటికీ చేరిన ఈ నవలలు చదివే అలవాటునే ఎందరికో నేర్పాయి. వీటిలో ఎన్ని పునఃపఠనానికి నిలుస్తాయో చదవకుండా చెప్పలేం. నిలవనివి ఎక్కువే కావచ్చు. కానీ ఆ మాట పరీక్ష తరువాత రావలసిన తీర్పు. ఇంతకాలం దానిని పరీక్షకు బదులుగా వాడుకున్నాం. వానకోసం విరాటపర్వాన్ని మళ్ళీ మళ్ళీ విన్న సమాజానికి, తెలిసిన కథను రెండోసారి చదవడం ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. ఈసారి ఏ విద్యార్థి అయినా ఈ అంశంతో వస్తే, ఎంచుకున్న ప్రతి నవలనూ రెండుసార్లు చదవాలన్న నియమంతో అంగీకరించడం ఉచితమని ఈ వ్యాసకర్త నిర్ణయం.