హుందాతనం ఎవరి కోసం?

కొన్నేళ్ళ క్రితం మా ఎం.ఏ. క్లాసులో ఒక కథ గురించి చెబుతూ, "ఇన్ని కష్టాల్లోనూ ఈమె హుందాతనం కోల్పోలేదు" అన్నాను. కథలోని స్త్రీ వీధులూడ్చే మనిషి. వెనక బెంచీలోంచి ఒక దళిత విద్యార్థిని లేచి, "మేడమ్, మా ఆడవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడే మీకు హుందాతనం ఎందుకు గుర్తొస్తుంది? ఆమె నోరు చేసుకోకూడదా?" అంది. ఏదో సర్దిచెప్పాను. అది జవాబు కాదని నాకూ తెలుసు, ఆ అమ్మాయికీ తెలుసు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, అమెరికన్ నటి సిసిలీ టైసన్ మీద ఎప్పటినుంచో రాసి పెట్టుకున్న నోట్సు తీశాను. పేజీ పేజీకీ అదే మాట. హుందా, హుందా, హుందా. ఈ వ్యాసం ఆ నోట్సుని కొట్టేసి మళ్ళీ రాసుకున్నది.

కరీబియన్ ద్వీపం నెవిస్ నుంచి వలస వచ్చిన తల్లిదండ్రులకు 1924లో న్యూయార్క్‌లో పుట్టింది టైసన్. తల్లి చర్చి తప్ప మరోటి ఎరగని మనిషి. కూతురు నటిస్తానంటే ఇంట్లోంచి వెళ్ళగొట్టింది. 1961లో జాఁ జెనే నాటకం 'ది బ్లాక్స్'లో వర్చ్యూ అనే వేశ్య పాత్ర వేసింది. తెల్లవాళ్ళ ఊహల్లోని నల్లమనిషిని తెల్లవాళ్ళ ముందే వెక్కిరించే నాటకమది. 1963లో 'ఈస్ట్ సైడ్/వెస్ట్ సైడ్' టీవీ సీరియల్‌లో సంఘసేవా కార్యాలయపు సెక్రటరీగా కనిపించింది. జుట్టు సాగదీయించుకోకుండా, సహజమైన ఉంగరాలతోనే, పొట్టిగా కత్తిరించుకుని వచ్చింది. ఒక స్త్రీ తన తలని తన తలలాగే ఉంచుకోవడం కూడా ఆ రోజుల్లో చర్చనీయాంశమైంది.

1972లో 'సౌండర్' వచ్చింది. 1930ల నాటి లూసియానాలో, పంటలో వాటాకి భూమి సాగుచేసే నల్లజాతి కుటుంబం కథ. ఆకలిగొన్న పిల్లల కోసం మాంసం దొంగిలించి భర్త జైలుకి పోతే, భార్య రెబెక్కా పొలమూ పిల్లల్నీ నెట్టుకొస్తుంది. ఈ పాత్రకు టైసన్ ఆస్కార్ నామినేషన్ పొందింది. ఆ సినిమా ప్రచారంలో జరిగిన ఒక సంగతి ఆమె తర్వాత చాలాసార్లు చెప్పింది. సినిమాలో కొడుకు తండ్రిని 'డాడీ' అని పిలవడం తనకి ఇబ్బందిగా అనిపించిందని ఒక తెల్లవాడు ఒప్పుకున్నాడట. తన కొడుకూ తనని అలాగే పిలుస్తాడట మరి! నల్లవాళ్ళని కించపరిచే పాత్రలు చెయ్యకూడదన్న పట్టుదలకి ఈ మాట బలమైంది. ఆ పట్టుదలకి ఆమె పని లేకుండా గడిపిన రోజులతో మూల్యం చెల్లించింది.

1974లో టీవీ చిత్రం 'ది ఆటోబయోగ్రఫీ ఆఫ్ మిస్ జేన్ పిట్‌మన్' ఆమెకి రెండు ఎమ్మీ అవార్డులు తెచ్చింది. బానిసగా పుట్టిన జేన్, 110 ఏళ్ళ వయసులో, 1962లో, తెల్లవాళ్ళకి మాత్రమే అని రాసున్న కుళాయి దగ్గరికి ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళి నీళ్ళు తాగుతుంది. నేను ఎన్నిసార్లు చూసినా కళ్ళు చెమర్చే దృశ్యం. అయితే ఎర్నెస్ట్ గెయిన్స్ 1971 నవలలో ఈ దృశ్యం లేదు. ఇంకో మార్పు మరీ ముఖ్యం. నవలలో జేన్ కథ రికార్డు చేసేది చరిత్ర పాఠాలు చెప్పే నల్లజాతి టీచరు. టీవీలో ఆయన స్థానంలోకి ఒక తెల్ల జర్నలిస్టు వచ్చాడు.

నా ప్రశ్న ఇక్కడే మొదలైంది. నల్లజాతి స్త్రీ నూరేళ్ళ బతుకు ఎవరి చెవిన పడితే చరిత్ర అవుతుంది? 'డాడీ' అన్న పిలుపుకే ఉలిక్కిపడ్డవాడికి మేమూ మనుషులమేనని రుజువు చెయ్యడానికి టైసన్ తన నటననంతా వెచ్చించింది. రుజువు చూపాల్సిన మనిషికి చిల్లరగా, కోపంగా, మోహంగా ఉండే వెసులుబాటు ఉండదు. తొలినాళ్ళలో సలహా మేరకు వయసు పదేళ్ళు తగ్గించి చెప్పుకున్న నటి, నలభై తొమ్మిదేళ్ళకే నూటపదేళ్ళ ముడతలు వేసుకుని చరిత్రకి ప్రతినిధి అయింది. ఇది ఆమె తప్పనడం లేదు. ఆమె అన్ని పాత్రలు వద్దనకపోతే మనకి రెబెక్కా లేదు, జేన్ లేదు. కానీ ఆ బరువు ఆమె నెత్తిన పెట్టినవాళ్ళని వదిలేసి, మోసిన తీరుని మాత్రం మెచ్చుకుంటూ వచ్చాను నేను.

ముప్పై ఏళ్ళ తర్వాత 2013లో ఆమె బ్రాడ్వేకి తిరిగొచ్చింది. హోర్టన్ ఫుట్ రాసిన 'ది ట్రిప్ టు బౌంటిఫుల్'లో కారీ వాట్స్ పాత్ర. 88 ఏళ్ళకి టోనీ అవార్డు. నేను చూసింది 2014లో టీవీకి తీసిన రూపమే. ఈ ముసలమ్మ పెన్షన్ చెక్కు దాచేస్తుంది, కోడలికి చిరాకొచ్చేలా భక్తిగీతాలు పాడుతుంది, పుట్టిన ఊరు చూడాలని ఇంట్లోంచి పారిపోతుంది. ఎవరికీ ఏదీ రుజువు చెయ్యదు. థియేటర్లో ఆమె కీర్తన ఎత్తుకుంటే ప్రేక్షకులూ గొంతు కలిపేవాళ్ళు.

2015లో 'హౌ టు గెట్ అవే విత్ మర్డర్' సీరియల్‌లో ఆమె వయొలా డేవిస్‌కి తల్లి అఫీలియాగా వచ్చింది. నోటి దురుసు మనిషి. పేరున్న లాయరైన కూతుర్ని నేలమీద కూచోబెట్టుకుని, ఆ సహజమైన జుట్టు పాయలు తీసి దువ్వుతుంది. దువ్వుతూనే, చిన్నప్పుడు కూతురిపై అత్యాచారం చేసిన బంధువుని ఇంటితో సహా తగలబెట్టింది తానేనని అర్థమయ్యేలా చెబుతుంది. ఇక్కడ వినేది కూతురు. మధ్యలో జర్నలిస్టు లేడు. 1963లో ఒంటరిగా కెమెరా ముందుకొచ్చిన ఆ జుట్టుకి ఇన్నేళ్ళకి ఒక తల్లి చెయ్యి దొరికిందనిపించింది.

తన జీవితాన్ని తనే చెప్పుకున్న 'జస్ట్ యాజ్ ఐ యామ్' 2021 జనవరి 26న వెలువడింది. పదిహేడేళ్ళకే గర్భవతినయ్యానన్న సంగతి కూడా అందులో రాసింది. రెండు రోజుల తర్వాత, 96 ఏళ్ళకి చనిపోయింది.

ఆ విద్యార్థిని ఇప్పుడు కథలు రాస్తోంది. మొన్న ఒకటి పంపింది. అందులో అత్తా కోడళ్ళు నీళ్ళ ట్యాంకర్ దగ్గర జుట్లు పట్టుకుంటారు. జవాబు రాయబోతే, అలవాటుగా ఆ పాత మాటే కలం కొసకొచ్చింది. ఆపేశాను. కథలో ఆ ఇద్దరూ ఏమని తిట్టుకున్నారో మళ్ళీ మొదట్నుంచి చదువుతున్నాను.