చరిత్ర కథనం నుంచి విషాదాంత నాటకానికి: రామరాయల పతనం – నాటకీకరణ

1. ఉపోద్ఘాతం

విజయనగర సామ్రాజ్యం కుప్పకూలడానికి దారితీసిన 1565 జనవరి 23 నాటి యుద్ధం తెలుగు, కన్నడ నాటకకర్తలను వేర్వేరు కాలాలలో ఆకర్షించింది. బళ్ళారిలో న్యాయవాదిగా ఉంటూ సుమనోరమ సభను నడిపిన కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) ‘రామరాజు చరిత్ర’ రచించారు. దాదాపు శతాబ్దం తరువాత గిరీశ్ కర్నాడ్ (1938–2019) కన్నడంలో ‘రాక్షస తంగడి’ (2018) రాసి, దానినే ‘క్రాసింగ్ టు తాళికోట’ (2019) పేరుతో ఆంగ్లంలో వెలువరించారు. యుద్ధం జరిగిన ప్రాంతంలోని రక్కసగి, తంగడగి గ్రామాల పేర్ల కలయికే ఆ కన్నడ శీర్షిక. పారశీక చరిత్ర గ్రంథాలలోని సమాచారం విషాదాంత నాటకంగా మారే క్రమాన్ని ప్రధానంగా కర్నాడ్ రచన ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. చరిత్రకారులు రామరాయల ఓటమిని అహంకారానికి పడిన శిక్షగా చెప్పారు. నాటకకర్త అదే సామగ్రిలోని బంధుత్వాలను ముందుకు తెచ్చి దానిని విషాదంగా మలిచాడన్నది ఇక్కడి ప్రతిపాదన.

2. హైదరాబాదు ఆస్థానంలో వెలువడిన చరిత్ర

రామరాయల తొలి జీవితానికి ముఖ్యమైన ఆధారం 1617లో సుల్తాన్ మహమ్మద్ కుతుబ్‌షా (1612–1626) పాలనలో పూర్తయిన గోల్కొండ రాజవంశ చరిత్ర. కర్త పేరు తెలియదు. జాన్ బ్రిగ్స్ 1829లో ప్రచురించిన ఫిరిష్తా అనువాదానికి అనుబంధంగా దీని సంగ్రహాన్ని ఆంగ్లంలో ఇచ్చాడు. అప్పటికి రాజధాని మూసీకి దక్షిణాన 1591లో వెలసిన హైదరాబాదు. నేటి పాతబస్తీలోని మక్కా మసీదుకు పునాది పడింది కూడా ఆ సుల్తాను కాలంలోనే. ఆ సుల్తాను యుద్ధంలో గెలిచిన ఇబ్రహీం కుతుబ్‌షాకు మనుమడు. అంటే యుద్ధం జరిగిన 52 ఏళ్ళకు, విజేతల వంశం నీడలో రాసిన చరిత్ర ఇది.

ఈ గ్రంథం ప్రకారం 1512లో సుల్తాన్ కులీ విజయనగర సరిహద్దులోని కొన్ని ప్రాంతాలను పట్టుకొని, వాటి రక్షణను యువకుడైన రామరాయలకు అప్పగించాడు. మూడేళ్ళకు బీజాపూరు సేన దండెత్తగా రామరాయలు కోటను విడిచి గోల్కొండకు పారిపోయి వచ్చాడు. దానిని పిరికితనంగా భావించిన సుల్తాను అతనిని కొలువు నుంచి పంపివేశాడు. అక్కడి నుంచి విజయనగరం చేరిన రామరాయలు కృష్ణదేవరాయల కుమార్తెను పెళ్ళాడి ‘అళియ’ రామరాయలయ్యాడు. చరిత్రకారునికి ఇది తమ కొలువు తోసిపుచ్చిన ఒక సేవకుని వృత్తాంతం మాత్రమే. ఆ అవమానం తరువాతి యాభై ఏళ్ళలో ఏమైందన్నది అతడు వేసుకోని ప్రశ్న. నాటకానికి కావలసింది ఆ ప్రశ్నే.

3. ఫిరిష్తా కథనంలోని బంధుత్వాలు

బీజాపూరు ఆస్థానంలో రాసిన ఫిరిష్తా మరొక ఘట్టాన్ని నమోదు చేశాడు. రామరాయలకు పుత్రశోకం కలిగినప్పుడు ఆలీ ఆదిల్‌షా నూరుమంది రౌతులతో విజయనగరానికి పరామర్శకు వెళ్ళాడు. రామరాయల భార్య అతనిని కొడుకుగా స్వీకరించింది. తిరుగు ప్రయాణంలో రామరాయలు సాగనంపడానికి రాకపోవడం ఆలీ మనసులో ముల్లుగా నిలిచింది. అహమ్మద్‌నగర్ దండయాత్రలో విజయనగర సైనికులు మసీదులను అపవిత్రం చేశారన్న ఆరోపణను కూడా ఫిరిష్తా యుద్ధకారణాలలో చేర్చాడు. అతని పోషకుడైన రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా ఆలీకి అన్న కొడుకో తమ్ముని కొడుకో కావడం గమనార్హం. తండ్రిగా అంగీకరించిన వానిపై కొడుకు కత్తి దూయడానికి బలమైన సమర్థన చూపవలసిన అవసరం ఆ ఆస్థానానికి ఉంది.

యుద్ధానికి ముందు సుల్తానుల మధ్య ఏర్పడిన ఐక్యత కూడా పెళ్ళిళ్ళతోనే కుదిరింది. హుసేన్ నిజాంషా కుమార్తె చాంద్‌బీబీని ఆలీ వివాహమాడాడు. మరో కుమార్తెను ఇబ్రహీం కుతుబ్‌షా పెళ్ళి చేసుకున్నాడు. కృష్ణదేవరాయల అల్లుడిపై ఇద్దరు అల్లుళ్ళు తమ మామతో కలిసి యుద్ధానికి వచ్చారు. పట్టుబడిన రామరాయల శిరస్సును ఖండింపజేసింది ఆ మామ హుసేనే. ఆలీకి సంబంధించినంతవరకు మామ చేతిలో తండ్రి మరణించాడు.

4. కర్నాడ్ నాటకీకరణ

అరిస్టాటిల్ ‘కావ్యశాస్త్రం’ పద్నాలుగవ అధ్యాయంలో, శత్రువు శత్రువును చంపితే కరుణ పుట్టదనీ, ఆత్మీయుల మధ్య జరిగే హింసనే విషాద కవి వెదకాలనీ ప్రతిపాదించాడు. ఈ యుద్ధాన్ని రెండు మతాల సంఘర్షణగా మాత్రమే చూస్తే అది శత్రువుల కథగానే మిగులుతుంది. కర్నాడ్ దానిని ఆత్మీయుల కథగా మార్చడానికి గ్రంథాలకు బయట ఉన్న సామగ్రిని వెదకనక్కరలేకపోయింది. ఆలీ–రామరాయల పితాపుత్ర సంబంధం అక్కడే ఉంది.

రామరాయల అహంకారానికి కర్నాడ్ ఒక లోపలి కారణం చూపాడు. అధికారమంతా తన చేతిలో ఉన్నా రాజరక్తం లేనందున రామరాయలు సింహాసనం ఎక్కలేడు. ఆ లోటును పూడ్చుకోవడానికి కళ్యాణి చాళుక్య వారసత్వాన్ని ఆశ్రయిస్తాడు. కళ్యాణి కోట ఎవరి అధీనంలో ఉండాలన్నది అతనికి సైనిక సమస్య కాక తన పుట్టుకకు గౌరవం తెచ్చే విషయమవుతుంది. రిచర్డ్ ఈటన్ దక్కను సామాజిక చరిత్ర (2005)లో గీసిన రామరాయల చిత్రానికి ఈ పాత్రకల్పన సన్నిహితంగా ఉంది. చరిత్రకారుడు ‘గర్వి’ అని ఒక్క మాటతో వదిలిన వ్యక్తిని నాటకకర్త ఎన్నడూ తీరని అర్హత కోసం తపించే మనిషిగా చూపాడు. ప్రేక్షకుడు అతని తప్పును క్షమించకపోయినా అర్థం చేసుకోగలడు.

‘తుగ్లక్’ (1964)లో కర్నాడ్ అనుసరించిన పద్ధతితో దీనిని పోల్చవచ్చు. అందులో చరిత్రకారుడైన జియాఉద్దీన్ బరనీయే పాత్రగా రంగస్థలం మీదికి వచ్చి, సుల్తానును ప్రేమిస్తూ, భయపడుతూ, చివరకు విడిచి వెళ్తాడు. ఆధార గ్రంథం వెనుక ఒక మనిషి ఉన్నాడనీ, అతనికి ఇష్టానిష్టాలున్నాయనీ ఆ నాటకం బాహాటంగా చెప్పింది. తళ్ళికోట నాటకాన్ని చదివే పరిశోధకుడు కూడా ఫిరిష్తాను, అజ్ఞాత గోల్కొండ రచయితను అదే దృష్టితో చూడవలసి ఉంటుంది.

5. కోలాచలం మార్గం

సంస్కృత నాటక సంప్రదాయం విషాదాంతాన్ని ఆదరించలేదు. ఆ కట్టుబాటును తెలుగులో ధర్మవరం కృష్ణమాచార్యులు ‘విషాద సారంగధర’తో దాటగా, అదే బళ్ళారిలో కోలాచలం చారిత్రక విషాదానికి దారి వేశారు. రాజుల మధ్య నడిచే కథలో ఆయన పఠాన్ రుస్తుం పాత్రకు ప్రాముఖ్యమిచ్చారు. బళ్ళారి రాఘవ నటనతో ఆ పాత్ర ప్రసిద్ధికెక్కింది. హంపీ శిథిలాలకు చేరువలో జీవించిన ఆయనకు రాజ్యపతనమే విషాదం. కర్నాడ్‌కు పతనమైన రాజ్యం కన్నా తెగిన బంధుత్వం ముఖ్యం. ఈ భేదాన్ని నాటకకర్తల ప్రతిభాభేదంగా కాక, తమ కాలం అడిగిన ప్రశ్నల భేదంగా గ్రహించాలి. వలస పాలనలోని రచయితకు కోల్పోయిన రాజ్యం ఎదుట నిలిచింది. మతం పేరిట చరిత్రను పంచుకుంటున్న కాలపు రచయితకు ఆ పంపకం నిజమా అన్న సందేహం ఎదురైంది.

6. ఇబ్రహీం పాత్ర: మిగిలిన అవకాశం

ఈ రెండు నాటకాలకూ కేంద్రం రామరాయలే. తెలుగు సాహిత్య విద్యార్థికి మాత్రం ఇబ్రహీం కుతుబ్‌షా మరింత సన్నిహితుడు. అన్న జంషీదుకు భయపడి అతడు 1543 నుంచి 1550 వరకు రామరాయల ఆశ్రయంలో గడిపాడు. తరువాత మల్కిభరాముడిగా తెలుగు కవులను పోషించి, అద్దంకి గంగాధర కవి నుంచి ‘తపతీసంవరణోపాఖ్యానం’ అంకితం పొందాడు. తనకు ఏడేళ్ళు అన్నం పెట్టిన వానిపై యుద్ధానికి వెళ్ళిన సంవత్సరంలోనే అతనికి హైదరాబాదు నిర్మాత కాబోయే మహమ్మద్ కులీ జన్మించాడు. కృతజ్ఞతకూ రాజనీతికీ మధ్య నలిగే పాత్రకు ఇంతకన్నా సమృద్ధమైన సామగ్రి అరుదు.

7. ముగింపు

చరిత్ర గ్రంథం ఓటమికి కారణం చెప్పి, విజేతకు న్యాయం చేకూర్చి ముగుస్తుంది. విషాద నాటకం ఆ న్యాయాన్ని సందేహిస్తుంది. కర్నాడ్ సంఘటనలను మార్చడం కన్నా వాటి ప్రాధాన్యాలను మార్చి ఈ పని చేశాడు. పారశీక గ్రంథాలలో ఒకటి రెండు వాక్యాలలో ముగిసిన కొలువు బహిష్కారం, పరామర్శ, దత్తత, సాగనంపని వీడ్కోలు నాటకీయతకు మూలాలుగా కనిపిస్తాయి. చారిత్రక నాటకాలను ‘వాస్తవం ఎంత, కల్పన ఎంత’ అన్న కొలతతో మాత్రమే అంచనా వేసే పద్ధతికి ఈ మార్పు అందదు. ఆధార గ్రంథం దేనిని చిన్నది చేసింది, నాటకం దానిని ఎందుకు పెద్దది చేసింది అన్న విచారణతో తెలుగు చారిత్రక నాటకాలను మళ్ళీ చదవవలసిన అవసరం ఉంది.