నీళ్లకు ఎన్ని మార్కులు?

"మెట్రో పక్కనే అక్కా!" అంది మా టీంలో కొత్తగా చేరిన అమ్మాయి. ఒంగోలు నుంచి వాళ్లమ్మను తెచ్చుకుందామని అద్దెకు ఫ్లాట్ వెతుకుతోంది. కొండాపూర్‌లో ఒకటి, మియాపూర్‌లో ఒకటి చూసింది. మియాపూర్ ఫ్లాట్ బాల్కనీలో నిలబడితే స్టేషన్ కనిపిస్తుందట.

"ఆఫీసుకు ఎలా వస్తావు?" అన్నాను.

"అదే, మెట్రోలో."

మియాపూర్‌లో మెట్రో ఎక్కిన మనిషి హైటెక్ సిటీకి రావాలంటే అమీర్‌పేట దాకా వెళ్లి, అక్కడ రైలు మారి, మళ్లీ ఇటు వెనక్కి రావాలి. తల చుట్టూ చెయ్యి తిప్పి ముక్కు పట్టుకున్నట్టు. అయినా ఆ పిల్ల ఎక్సెల్ షీటులో "మెట్రో దగ్గర" అన్న గడిలో పదికి పది ఉంది.

1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ తెరిచిన దగ్గర్నుంచి ఈ చుట్టుపక్కల కూర్చుని ప్రపంచంలో ఎవరెవరి వ్యాపారాలకో డ్యాష్‌బోర్డులు కట్టిపెడుతున్నాం. మన ఇంటి సంగతి వచ్చేసరికి మాత్రం అద్దె ఎంత, ప్యాకేజీ ఎంత అని రెండంకెలు అడిగి ఊరుకుంటాం. నాకిది ఎప్పుడూ విచిత్రంగానే ఉంటుంది.

మీటింగ్ రూము ఖాళీగా ఉంటే వైట్‌బోర్డు దగ్గరికి తీసుకెళ్లాను. ఇలాంటి ఎంపికలను లెక్కకట్టి తేల్చే విద్య ఒకటుంది. దానికి డెసిషన్ అనాలిసిస్ అన్న పేరును 1960ల్లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ రొనాల్డ్ హోవర్డ్ ప్రచారంలోకి తెచ్చాడు. రాల్ఫ్ కీనీ, హోవర్డ్ రైఫా 1976లో రాసిన పుస్తకం ఈ విద్యకు పెద్దబాలశిక్ష లాంటిది. మెక్సికో సిటీకి కొత్త విమానాశ్రయం ఎక్కడ కట్టాలన్న తగువును అందులో విప్పి చూపిస్తారు. ఖర్చు, సామర్థ్యం, ఊళ్లోంచి చేరే సమయం, భద్రత, ఇళ్లు ఖాళీ చేయాల్సివచ్చే జనం, చప్పుడు అని ఆరు లక్ష్యాలు పెట్టుకున్నారు. 2008లో బేగంపేట వదిలి శంషాబాద్‌కు అలవాటుపడ్డ ఊరికి ఆ లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు.

మొదట చెట్టు గీయాలి. పైన "మాకు సరిపోయే ఇల్లు". దాని కింద కొమ్మలు, కొమ్మల చివర కొలవగలిగిన ఆకులు. ప్రతి ఆకు దగ్గరా ఆగి "ఇది ఎందుకు కావాలి?" అని అడగాలి. మెట్రో దగ్గర ఎందుకు? ఆఫీసుకు తొందరగా చేరడానికి. అలాగైతే లక్ష్యం ప్రయాణ సమయం, మెట్రో దానికి దారి మాత్రమే. రెండింటినీ చెట్టులో ఉంచితే ఒకే సుఖానికి రెండుసార్లు మార్కులు వేసినట్టు. పాపం, మెట్రోను డస్టర్‌తో తుడిచేసింది. ప్రయాణం, అద్దె, నీళ్లు, అమ్మ సౌకర్యం అని నాలుగు ఆకులు మిగిలాయి.

తర్వాత బరువులు. ఇక్కడే చాలామంది బోల్తా కొడతారు. "నీకు డబ్బు ముఖ్యమా, సమయం ముఖ్యమా?" అంటే ఎవరి నోటయినా "రెండూ" అనే వస్తుంది. ఆ ప్రశ్నే తప్పు. "అన్నీ అధ్వానంగా ఉన్న ఇల్లు ఇచ్చాననుకో. ప్రయాణం 90 నిమిషాలు, అద్దె 45 వేలు. ఒక్కటే బాగుచేస్తాను, ప్రయాణాన్ని 20 నిమిషాలకు దించనా, అద్దెను 25 వేలకు దించనా?" అని అడగాలి. క్షణం ఆలోచించకుండా ప్రయాణం అంది. అదే అద్దెలు 25 నుంచి 28 వేల మధ్యే తిరుగుతుంటే, డబ్బు ఎంత ముఖ్యమైనా అద్దెకు బరువు ఇంకా తగ్గాలి. బరువు వస్తువుది కాదు, దాని ఎగుడుదిగుళ్లది. చివరికి ప్రయాణానికి 0.4, అద్దెకు 0.25, అమ్మ సౌకర్యానికి 0.2, నీళ్లకు 0.15 అని రాసింది.

ఇక వంపుగీత. ఇంటర్లో ఎకనామిక్స్ తీసుకున్నవాళ్లు క్షీణోపాంత ప్రయోజన సూత్రం బట్టీపట్టే ఉంటారు. చేతిలో ఉన్నకొద్దీ తర్వాతి రూపాయి రుచి తగ్గుతుంది. డేనియల్ బెర్నూలీ 1738లోనే ఆ సంగతి చెప్పాడు, ఫాన్ నాయ్‌మన్, మోర్గెన్‌స్టెర్న్ 1944లో దానికి గట్టి పునాది వేశారు. ఇల్లు పక్కన పెట్టి, ఆ పిల్లకే వచ్చిన స్టార్టప్ ఆఫర్‌తో గీయించాను. అది కలిసొస్తే 60 లక్షలు, లేకపోతే 20, అవకాశం సగం సగం. 20 లక్షలు ఇచ్చే తృప్తి సున్నా, 60 లక్షలది ఒకటి. "బొమ్మ పడితే 60, బొరుసు పడితే 20. దానికి బదులు ఖాయంగా ఎంత ఇస్తే సరే అంటావు?" బేరాలాడి 32 దగ్గర ఆగింది. అంటే 32 లక్షల దగ్గర అర. మళ్లీ అదే ప్రశ్న 20, 32 మధ్య అడిగితే 25 అంది; 32, 60 మధ్య అడిగితే 43 అంది. ఐదు చుక్కలు కలిపితే గీత పైకి ఉబ్బింది. ఇప్పుడున్న ఉద్యోగంలో 36 లక్షలు ఖాయం, గీత మీద దాదాపు 0.59. స్టార్టప్‌ది సగటున 40 లక్షలే గానీ గీత మీద 0.5. "నేనింత పిరికిదాన్నా?" అని నవ్వింది. పిరికితనం కాదు, వాళ్లమ్మ మందుల ఖర్చు ఆ వంపులో ఉంది.

ఫ్లాట్ల చెట్టుకు రంగులు వేయడానికి ల్యాప్‌టాప్ తెరిచాం. ఆర్ భాషలో పీటర్ రైషర్ట్ రాసిన "యుటిలిటీ" అనే ప్యాకేజీ ఉంది. ఆయన స్విట్జర్లాండ్‌లోని ఈవాగ్ అనే జల పరిశోధన సంస్థలో శాస్త్రవేత్తగా పనిచేశారు. నదుల ఆరోగ్యం అంచనా వేసే పనిలో వాడే పనిముట్టు అది. చెట్టులో ప్రతి గడికీ ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం అని ఐదు మెట్ల రంగులు వేస్తుంది. ఒక్కో ఆకుకు సున్నా నుంచి ఒకటి దాకా మార్కులు వేసి, బరువులతో గుణించి కలిపితే కొండాపూర్ ఫ్లాట్ మొత్తం 0.66, పైగడి ఆకుపచ్చ. మియాపూర్ 0.59, పసుపు. తేలిపోయినట్టే అనిపించింది. కానీ కొండాపూర్ చెట్టు కింద ఒక ఆకు ఎర్రగా మండుతోంది. నీళ్లు, 0.1. ఆ అపార్టుమెంటుకు మంజీరా కుళాయి కనెక్షన్ లేదు, బోరు ఎండితే ట్యాంకరే.

సగటు చేసే మోసం ఇది. దగ్గరి ఆఫీసు ఆనందంతో దాహం తీరినట్టు చూపిస్తుంది. కలిపే సూత్రం మార్చి, అన్నిటికంటే తక్కువ ఆకు విలువే మొత్తం విలువ అనుకుంటే కొండాపూర్ 0.1కి పడిపోతుంది, మియాపూర్ ప్రయాణం వల్ల 0.3 దగ్గర ఆగుతుంది. ఏ సూత్రం వాడాలన్నది కంప్యూటర్ చెప్పదు. లోటు ఒకదాన్ని ఇంకొకటి పూడుస్తుందా లేదా అన్నది ఇంట్లో బిందె మోసే మనిషిని అడగాలి. చివరి అంకె కంటే నాకు ఆ ఎర్ర ఆకే విలువైనది. ఈ చెట్టు బొమ్మ లేకపోతే అది సగటులో కలిసి కనపడకుండా పోయేది.

ఆ సాయంత్రం చెట్టు ఫొటో వాళ్లమ్మకు వాట్సాప్‌లో పంపింది. మర్నాడు టీ దగ్గర ఫోన్ చూపించింది. ఆవిడ వాయిస్ మెసేజ్ పెట్టింది: "అమ్మ సౌకర్యమని లిఫ్టూ, హాస్పిటలూ రాశావు బాగానే ఉంది. నువ్వు పొద్దున పోతే రాత్రికి వస్తావు. నాకు పక్కన మాట్లాడే మనిషి ఉండాలి గదే. అదెక్కడ రాశావు?"

"దీన్ని దేంతో కొలవాలక్కా?" అంది. చెట్టులో ఇంకో గడి గీసి, రంగు వేయకుండా వదిలేశాం.

ఆదివారం తల్లీకూతుళ్లు ముందు కొండాపూర్, తర్వాత మియాపూర్ వెళ్లి, రెండు చోట్లా కింద బెంచీ మీద గంటసేపు కూర్చుని వచ్చారు.