దగ్గరి ఆసుపత్రి దాటి

రాత్రి రెండింటికి యాక్సిడెంట్ కేసు వస్తే ముందుగా చూసేది ఎవరు? చాలా ఆసుపత్రుల్లో డ్యూటీలో ఉన్న జూనియరే. పెద్ద డాక్టరు ఇంట్లో ఉంటారు, ఫోన్ చేస్తే వస్తారు. ఎముకల వార్డుల్లోనే ఉద్యోగ జీవితమంతా గడిపినవాణ్ణి, ఆ ఫోనుకీ ఆ రాకకీ మధ్య ఏం జరిగిపోతుందో చూశాను. అందుకే కీత్ విలెట్ అంటే నాకంత గౌరవం.

ఇంగ్లండులో ఆయన ట్రామా సర్జన్‌గా, అంటే తీవ్ర గాయాలకు ఆపరేషన్ చేసే డాక్టరుగా పనిచేశారు. 1994లో ఆక్స్‌ఫర్డ్ జాన్ రాడ్‌క్లిఫ్ ఆసుపత్రిలో సహచరులతో కలిసి ఒక పద్ధతి తెచ్చారు: 24 గంటలూ కన్సల్టెంట్ సర్జన్, అంటే సీనియర్ సర్జన్, ఆసుపత్రిలోనే ఉండాలి. అర్ధరాత్రి నిద్రమానుకోవలసింది అనుభవం తక్కువైనవాళ్లే ఎందుకు కావాలి? ఇంత సూటి ప్రశ్నను సీనియర్లు తమకు తాము వేసుకోవడం మా వృత్తిలో అరుదు.

2009లో ఆయన దేశం మొత్తానికి ట్రామా వైద్యం చూసే తొలి నేషనల్ క్లినికల్ డైరెక్టర్ అయ్యారు. ఆ మరుసటి ఏడే అక్కడి నేషనల్ ఆడిట్ ఆఫీసు నివేదిక వచ్చింది. ఏటా కనీసం 20,000 మందికి ప్రాణాపాయమైన గాయాలవుతున్నాయి, వైద్యం సరిగ్గా అందితే ఇంకో 450 నుంచి 600 మందిని బతికించుకోవచ్చు అన్నది దాని సారాంశం. ఆ 20,000 మందినీ దేశంలోని ఆసుపత్రులన్నిటికీ పంచితే ఒక్కొక్క చోటికి వచ్చేది కొద్దిమందే. అరుదుగా చూసే గాయానికి ఏ టీమ్ చేయీ అలవాటు పడదు.

అందుకని 2012 ఏప్రిల్‌లో ప్రాంతీయ ట్రామా నెట్‌వర్కులు మొదలయ్యాయి. లండన్ అంతకుముందే దారి చూపింది. గాయం తీవ్రమైనదని అంబులెన్సు సిబ్బందికి తోస్తే, సుమారు 45 నిమిషాల్లో చేరగలిగితే, దగ్గరి ఆసుపత్రిని దాటి నేరుగా మేజర్ ట్రామా సెంటర్‌కి వెళ్లాలి. అక్కడ కన్సల్టెంట్, రక్తం, సీటీ, ఆపరేషన్ థియేటర్ అన్నీ సిద్ధంగా ఉంటాయి. రోగిని తన గుమ్మం దాటించి పంపడానికి ఒక ఆసుపత్రిని ఒప్పించడం ఎంత కష్టమో మన ఆసుపత్రుల్లో పనిచేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2008 నుంచి 2017 దాకా వివరాలు పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనం, గాయాల తీవ్రతను లెక్కలోకి తీసుకున్నాక కూడా బతికి బయటపడే ఆడ్స్ (బతికినవారికీ చనిపోయినవారికీ మధ్య నిష్పత్తి) 19 శాతం పెరిగాయని తేల్చింది.

నన్ను మరింత కదిలించినది మాత్రం తుంటి ఎముక సంగతి. బాత్రూంలో జారిపడిన ముసలమ్మ గురించి వార్తలు రావు. ఆపరేషన్ లిస్టులో ఆమె పేరు రోజూ కిందికి జరుగుతుంది, పడుకున్న చోటే పుండ్లు, నిమోనియా. 2010లో ఇంగ్లండులో ఒక షరతు పెట్టారు. ఆసుపత్రికి వచ్చిన 36 గంటల్లోగా ఆపరేషన్ చేసి, ఎముకల డాక్టరుతో పాటు వృద్ధుల వైద్యుడు కూడా చూస్తేనే ఆసుపత్రికి అదనపు డబ్బు. ఆ విధానం వెనకా విలెట్ ఉన్నారు. డబ్బుతో ముడిపెట్టడం కొందరికి నచ్చకపోవచ్చు, నాకు నచ్చింది. లిస్టులో ముసలమ్మ పేరు పైకి వచ్చింది కదా!

తర్వాత అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండులో అత్యవసర సేవలు ఆయన చేతికొచ్చాయి, కోవిడ్ కాలంలో ప్రతిస్పందన బాధ్యత కూడా.

మనకు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు సేవ మొదలైంది. రోడ్డు మీద పడి ఉన్న మనిషిని ఎత్తుకునే చేతులు వచ్చాయి, అది చిన్న విషయం కాదు. కానీ ఎక్కించుకున్నాక ఎక్కడికి? ఈ రాత్రి మెదడు ఆపరేషన్ చేయగల డాక్టరు ఏ ఆసుపత్రిలో మెలకువగా ఉన్నాడో ఆ డ్రైవరుకు ముందే తెలిసి ఉండాలి. నెట్‌వర్కు కట్టడానికి ఏళ్లు పడుతుంది, నిజమే. తుంటి విరిగినవాళ్ల విషయంలో మాత్రం జిల్లా ఆసుపత్రులు రేపే మొదలుపెట్టవచ్చు. కేస్ షీటు మీద రెండు గడులు: వచ్చిన సమయం, ఆపరేషన్ మొదలైన సమయం. నెలాఖరున సూపరింటెండెంటు ఆ రెండిటి మధ్య తేడా చూసి సంతకం పెట్టాలి.